మన సినిమాకి కొనేవాళ్లు ఎంతమంది?

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల రూపాయల ఖర్చు. అంతకుముందు ఈ దీవుల్లో ఇంటర్నెట్ ఉపగ్రహం మీద ఆధారపడి నడిచేది. ఒక చిన్న వీడియో తెరుచుకోవడానికే ఓపిక పట్టాల్సిన చోట ఓటీటీలో రెండున్నర గంటల సినిమా చూసే ఊసే లేదు. ఇంటి మీద డిష్ పెట్టుకుని జెమినీ, స్టార్ మా, ఈటీవీ, జీ తెలుగు ఏ పండక్కి ఏ సినిమా వేస్తే అది చూడటమే.

ఈ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి వండూరు వెళ్లే దారిలో వస్తుంది సిప్పీఘాట్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. వీళ్లకు సొంత ఊరి మాట, ఊరి పాట చెవిన పడే దారుల్లో సినిమా, టీవీ ముఖ్యమైనవి. అందుకే ఆ సినిమా హక్కులు ఎవరి చేతికి పోతున్నాయన్నది ముంబయి వ్యాపార పత్రికలకు వదిలేసే విషయం కాదు.

కేబుల్ వచ్చిన నాలుగేళ్లకే దేశంలో పెద్ద మీడియా కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. 2024 నవంబరు 14న రిలయన్స్ వారి వయాకామ్18, డిస్నీ వారి స్టార్ ఇండియా ఒక్కటై జియోస్టార్ అయ్యాయి. ఒప్పందం నాటి లెక్క ప్రకారం కంపెనీ విలువ 70,352 కోట్ల రూపాయలు, చేతిలో 100కు పైగా ఛానళ్లు. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఇలాంటి కలయికల మీద చర్చ వచ్చినప్పుడల్లా నెలకు ఎంత కట్టాలి, క్రికెట్ ఉచితంగా వస్తుందా లేదా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. ఒక తెలుగు నిర్మాత సినిమా తీసి హక్కులు అమ్మబోతే, ఎన్ని తలుపులు తట్టగలడు? మిగతా ప్రశ్నలన్నీ నా లెక్కలో దాని తర్వాతే.

కలయిక మనకు కొత్త కాదు. మద్రాసులో మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డి నిలబెట్టిన వాహినీ స్టూడియో నిర్వహణ తర్వాత నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ చేతికి వచ్చింది. విజయా వాహినీ అన్న జంటపేరు అలా స్థిరపడింది. పాతాళభైరవి, మాయాబజార్ ఆ నీడలో తయారైనవే. స్టూడియో, నిర్మాణ సంస్థ ఒక యాజమాన్యం కింద ఉండటం వల్ల అక్కడ మంచే జరిగింది. కళాకారులు, సాంకేతిక నిపుణులు నెల జీతం మీద నిశ్చింతగా పని చేశారు. కాబట్టి కలయిక అనగానే కీడు అనుకోనక్కర్లేదు. అయితే విజయా వారి పక్కనే అన్నపూర్ణ, భరణి, ఆ తర్వాత సురేష్ లాంటి సంస్థలు పోటీగా నిలబడ్డాయి. ఒక చోట కాదంటే ఇంకో చోటికి వెళ్లే వీలుండేది.

అమెరికాలో ఇదే మాటను 1948లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. సినిమా తీసే స్టూడియోలు థియేటర్లను కూడా గుప్పిట్లో పెట్టుకోవడం కుదరదని పారామౌంట్ కేసులో తీర్పు ఇచ్చింది. దాని వెంట వచ్చిన ఆంక్షలు 70 ఏళ్లకు పైగా నడిచి 2020 ఆగస్టులో రద్దయ్యాయి. మన దగ్గర అలాంటి గీత ఎప్పుడూ గీయలేదు. నిర్మాతే పంపిణీదారు, ఆయనే థియేటర్ల లీజుదారు. థియేటర్లన్నీ కొద్దిమంది చేతుల్లోనే ఉన్నాయని చెప్పే “ఆ నలుగురు” అన్న మాట ఫిలింనగర్‌లో ఎన్నో ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. పండగ సీజన్‌లో థియేటర్లు దొరకని చిన్న నిర్మాత గోడు విన్నవారెవరికీ ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

టీవీ సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 1995లో ఈటీవీ, జెమినీ రెండూ మొదలయ్యాయి. జెమినీ తర్వాత చెన్నై సన్ గ్రూపులో కలిసిపోయింది. రామోజీరావు ఈటీవీని కన్నడ, మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, ఒడియా భాషలకు విస్తరించారు. 2012లో కుదిరిన ఒప్పందంతో ఆ ఇతర భాషల ఛానళ్లు నెట్‌వర్క్18 వైపు వెళ్లాయి. తెలుగు ఈటీవీలో 24.5 శాతం వాటా కూడా ఆ ఒప్పందంలో భాగమే. 2015లో ఆ ఛానళ్లు పేరు మార్చుకుని కలర్స్ కన్నడ, కలర్స్ బంగ్లా అయ్యాయి. సిప్పీఘాట్‌లో బెంగాలీ కుటుంబం ఈ రోజు కలర్స్ బంగ్లా పెట్టుకుంటే, అది హైదరాబాదులో ఒక తెలుగు పారిశ్రామికవేత్త నాటిన మొక్కే. ఇప్పుడు దాని యజమాని జియోస్టార్.

మా టీవీ కథ మరీ దగ్గరిది. నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ లాంటి తెలుగు వాళ్ల చేతుల్లో ఎదిగిన ఛానల్‌ను 2015లో స్టార్ ఇండియా కొనేసింది. అప్పుడు స్టార్ యజమాని రూపర్ట్ మర్డోక్ ఫాక్స్. 2019 మార్చి 20న ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగాన్ని డిస్నీ 71.3 బిలియన్ డాలర్లకు తీసుకుంది. అందులో స్టార్ మా కూడా ఒక చిన్న ముక్కగా చేతులు మారింది. 2024లో అది జియోస్టార్‌కు చేరింది. పదేళ్లలో మూడు సార్లు యజమాని మారాడు. తెర మీద సీరియల్ మాత్రం రాత్రి అదే వేళకు వస్తూనే ఉంది. ఒకప్పుడు ఆ ఛానల్ వాటాదారుగా ఉన్న నాగార్జున 2019 నుంచి అందులోనే బిగ్‌బాస్ నడుపుతున్నారు. చూసేవాళ్లకు ఏమీ మారినట్టు కనిపించదు. మారింది కొనుగోలు నిర్ణయం తీసుకునే గది. ఒక తెలుగు సినిమాకు ఎంత పెట్టాలన్న తుది మాట ఇప్పుడు ఎన్నో భాషల బడ్జెట్లు పక్కపక్కన పెట్టుకున్న బల్ల దగ్గర తేలుతుంది.

హక్కుల బేరం ఎలా సాగుతుందో తెలియకపోతే ఈ మార్పు బరువు అర్థం కాదు. ఒక తెలుగు సినిమా ఒప్పందం పత్రాలు ముందేసుకుంటే అందులో ఒక సినిమా కాదు, పది పదిహేను సరుకులు కనిపిస్తాయి. థియేటర్ హక్కులు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, నెల్లూరు, ఓవర్సీస్ అంటూ ఏరియాలుగా విడిపోతాయి. వాటి పక్కన నాన్ థియేట్రికల్ ఖాతా. అందులో శాటిలైట్, డిజిటల్, హిందీ డబ్బింగ్, ఆడియో ఉంటాయి. శాటిలైట్ హక్కు ఒక్కో భాషకు వేరుగా అమ్మొచ్చు. డిజిటల్ కూడా అంతే. విడుదలకు ముందే ఈ నాన్ థియేట్రికల్ అమ్మకాలతో పెట్టుబడి తిరిగొస్తే దాన్ని టేబుల్ ప్రాఫిట్ అంటారు. రాకపోతే లోటుతో విడుదల చేసి, థియేటర్ మీద ఆశ పెట్టుకోవాలి.

ఆర్‌ఆర్‌ఆర్ దీనికి మంచి ఉదాహరణ. తెలుగు శాటిలైట్ స్టార్ మాకు, హిందీ శాటిలైట్ జీ సినిమాకు వెళ్లాయి. డిజిటల్‌లో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5కు, హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు. 2022 మే 20న రెండు యాప్‌లలోనూ సినిమా వచ్చింది. తెలుగులో చూడాలనుకున్నవారు జీ5 తెరవాలి. విదేశాల్లో ఎంతోమంది నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ మాటలతోనే ఆ సినిమా చూశారు. “నాటు నాటు” ఆస్కార్ వేదిక దాకా వెళ్లిన సినిమాకు ప్రపంచంలో ఎక్కువమంది విన్న గొంతు తెలుగు కాకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అది ఎవరి కుట్రా కాదు. భాషవారీగా అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుంది కాబట్టి అలా అమ్మారు. అలా అమ్మడానికి నాలుగైదు బలమైన కంపెనీలు వేరువేరుగా పోటీ పడుతున్న రోజులవి.

ఆ పోటీ విలువ పెద్ద సినిమా కన్నా చిన్న సినిమా దగ్గర బాగా తెలుస్తుంది. కొవిడ్ రోజుల్లో వచ్చినవి గుర్తు చేసుకోండి. ఉమామహేశ్వర ఉగ్రరూపస్య 2020 జులైలో నెట్‌ఫ్లిక్స్‌కు, కలర్ ఫోటో అక్టోబరులో ఆహాకు, మిడిల్ క్లాస్ మెలొడీస్ నవంబరులో ప్రైమ్ వీడియోకు, సినిమా బండి 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లాయి. వీటిలో ఏదీ పెద్ద హీరో సినిమా కాదు. కలర్ ఫోటో జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. దాని దర్శకుడు సందీప్ రాజ్, హీరో సుహాస్ లాంటివాళ్లు జనానికి తెలిసింది ఆ అవకాశం వల్లే. థియేటర్లు మూతపడ్డ కాలంలో మా దగ్గరికి రండి, మా దగ్గరికి రండి అని కొనేవాళ్లు పిలిచారు. ఆ పిలుపే అసలు బలం.

ఆ తర్వాత పిలుపు తగ్గింది. నేరం మొత్తం కంపెనీల కలయిక మీదకు నెట్టడం న్యాయం కాదు. ఓటీటీ డబ్బు ఉందన్న ధీమాతో పారితోషికాలు, బడ్జెట్లు పెంచిన తప్పు పరిశ్రమదే. చందాదారుల సంఖ్య అనుకున్నంత పెరగకపోవడంతో ఓటీటీలు ఖర్చుకు కళ్లెం వేశాయి. ఈ లోపు కలయికలు వచ్చి పడ్డాయి. ఫలితంగా పెద్ద హీరో సినిమాకు ముందే సంతకం, మిగతావాటికి “విడుదలయ్యాక చూద్దాం” అన్న జవాబు. కొన్ని సినిమాల విడుదల తేదీ కూడా ఓటీటీ ఖాళీని బట్టి ఖరారవుతోంది. ఏ వారం ఖాళీ ఉందో యాప్ చెబితే, దాని నుంచి నాలుగు వారాలు వెనక్కి లెక్కేసి థియేటర్ తేదీ వేస్తున్నారు. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ నిర్మాతలు థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల గడువు అన్నారు. ఆ మాట మీద నిలబడలేకపోయారు. అప్పు వడ్డీ పెరుగుతున్నవాడు ఎనిమిది వారాలు ఆగలేడు, తొందరగా ఇస్తే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామనేవాడికి ఒప్పుకుంటాడు.

ఒక కలయిక జరగకుండా ఆగిపోవడం మనకు మేలు చేసిందని నా అభిప్రాయం. జీ, సోనీ కలవాలని 2021 చివర్లో ఒప్పందం రాసుకున్నాయి. 2022లో కాంపిటీషన్ కమిషన్ షరతులతో సరేనంది. చివరికి 2024 జనవరి 22న సోనీ తప్పుకుంది. అది జరిగి ఉంటే తెలుగులో కొనే మరో రెండు చేతులు ఒక్కటయ్యేవి. సోనీ మనకు దూరమేమీ కాదు, 2022లో అడివి శేష్ మేజర్ సినిమాకు నిర్మాణ భాగస్వామి. జీ ఒంటరిగా మిగిలి తన దారిన తాను బేరాలు ఆడింది. 2025 సంక్రాంతికి విడుదలైన సంక్రాంతికి వస్తున్నాం సినిమాను మార్చి 1 సాయంత్రం ఆరు గంటలకు జీ తెలుగు ఛానల్‌లో, జీ5లో ఒకేసారి వేసింది. ముందు ఓటీటీ, కొన్ని నెలలకు టీవీ అన్న అలవాటును అది పక్కన పెట్టింది. సిప్పీఘాట్‌లో మంచి నెట్ ఉన్న ఇంటికీ, డిష్ మాత్రమే ఉన్న పక్కింటికీ ఆ సాయంత్రం ఒకే సమయంలో ఆ సినిమా అందింది. దూరంగా ఉన్న ప్రేక్షకుడికి ఇంతకన్నా సమానత్వం ఏముంటుంది? పోటీ ఉన్న మార్కెట్‌లోనే ఇలాంటి ప్రయోగాలు పుడతాయి.

ప్రేక్షకుడి వైపు నుంచి కలయిక వల్ల వచ్చే సుఖం లేదనను. హెచ్‌బీఓ కార్యక్రమాలు 2023 మార్చి 31న హాట్‌స్టార్ నుంచి వెళ్లిపోయాయి. కొన్ని వారాలకు జియోసినిమాలో తేలాయి. రెండు యాప్‌లు కలిశాక మళ్లీ పాత ఇంటికే చేరాయి. చందా కట్టి మధ్యలో వదిలేసిన సిరీస్ కోసం రెండు చోట్ల డబ్బు కట్టినవారికి ఒకే యాప్ ఊరటే. ఐపీఎల్ కూడా అంతే. 2023 నుంచి 2027 దాకా టీవీ హక్కులు స్టార్‌వి, డిజిటల్ వయాకామ్18వి. పోటీ ఉన్న రెండేళ్లు జియోసినిమా క్రికెట్‌ను ఉచితంగా చూపించింది. రెండూ ఒకే కంపెనీలోకి వచ్చాక 2025లో పూర్తి ఉచితం పోయి చందా వచ్చింది. ఊరట ఎంతో, దాని ధర ఎంతో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది.

కాంపిటీషన్ కమిషన్ 2024 ఆగస్టు 28న రిలయన్స్, డిస్నీ కలయికకు ఒప్పుకుంటూ కొన్ని ఛానళ్లు వదులుకోవాలనీ, క్రికెట్ ప్రకటనల అమ్మకంలో కొన్ని పద్ధతులు పాటించాలనీ మాట తీసుకుంది. ప్రకటనదారుడికి ఆ జాగ్రత్త దక్కింది. తెలుగు నిర్మాతకు దక్కిందేమీ లేదు. తెలుగులో వయాకామ్18కు వినోద ఛానల్ లేదు కాబట్టి ఛానళ్లు లెక్కపెడితే ఇక్కడ తేడా కనబడదు. సినిమా హక్కులు కొనే సంస్థలను లెక్కపెడితేనే కనబడుతుంది. కమిషన్ ఆ రెండో లెక్క కూడా వేయాలి.

బయటి ప్రపంచంలో పరిస్థితి ఇంకా వేగంగా నడుస్తోంది. ఎంజీఎంను అమెజాన్ 2022లో 8.45 బిలియన్ డాలర్లకు కొంది. అదే ఏడు వార్నర్‌మీడియా, డిస్కవరీ కలిశాయి. కలిసిన నాలుగు నెలలకు, షూటింగ్ పూర్తయిన బ్యాట్‌గర్ల్ సినిమాను విడుదల చేయకుండానే పక్కన పడేశాయి. ఫాక్స్‌ను కలుపుకున్న డిస్నీ 2021లో ఐస్ ఏజ్ తీసిన బ్లూ స్కై స్టూడియోను మూసేసింది. 2025 ఆగస్టులో స్కైడాన్స్, పారామౌంట్ కలిశాయి. అదే ఏడు డిసెంబరులో వార్నర్ బ్రదర్స్‌ను కొంటామని నెట్‌ఫ్లిక్స్ ప్రకటిస్తే, రోజుల తేడాతో పారామౌంట్ పోటీ ధర పెట్టింది. నూరేళ్ల స్టూడియో కోసం ఇంత పోటీ దేనికి? దాని పాత సినిమాల గంపెడు హక్కుల కోసం. కొత్త సినిమా ఆడొచ్చు, ఆడకపోవచ్చు. లైబ్రరీ మాత్రం ఏటా డబ్బు తెస్తుంది.

మన పాత నిర్మాతలకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. శాటిలైట్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, మూలపడ్డ సినిమాకు నాలుగు డబ్బులు వస్తున్నాయన్న సంబరంతో చాలామంది శాశ్వత హక్కులే రాసిచ్చారు. ఆ రీళ్లు తర్వాత యూట్యూబ్‌లో, ఓటీటీలో కొత్త ప్రాణం పోసుకున్నా వాళ్ల పిల్లలకు వచ్చిందేమీ లేదు. దీనికి ఒక పోలిక చెబుతాను. సిప్పీఘాట్‌లో ప్రపంచ కొబ్బరి జాతుల కేంద్రం ఉంది. పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన రకాలను కాసరగోడు పరిశోధన సంస్థ వారు అక్కడ నాటించారు. ఈ ఏడు కాపు కోసం మాత్రమే అయితే అంత శ్రమ అక్కర్లేదు. రేపు ఏ తెగులు వచ్చినా విత్తు మన దగ్గర ఉండాలని అలా దాచారు. సినిమా హక్కును కూడా అలాగే చూడాలి. ఈ ఏడు వచ్చే సొమ్ముకు అమ్మొచ్చు, విత్తు మాత్రం అమ్మకూడదు.

మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో అనుకున్నదానికన్నా నిర్మాత పక్షానే ఉంది. 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. కొన్నవారు ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప అది రద్దయినట్టే. మన చిన్న సినిమాకు బ్యాట్‌గర్ల్ గతి పట్టకుండా కాపాడే మాట ఇది. 2012 సవరణ ఇంకో రక్షణ ఇచ్చింది. సంతకం నాటికి లేని కొత్త మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ హక్కు పోదు. ఇక సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ మీద ఆ హక్కు 2017 చివరికి తీరిపోయింది. అందులో పింగళి మాటలు, పాటల లెక్క వేరు, అవి రచయిత మరణించాక 60 ఏళ్లు నడుస్తాయి. 1966లో వచ్చిన తెలుగు సినిమాల గడువు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది.

చట్టం ఇచ్చిన ఈ రక్షణలను పెద్ద కంపెనీల అచ్చు ఒప్పందాలు ఒక్కొక్కటిగా తీసేస్తాయి. “శాశ్వతంగా”, “విశ్వమంతటా”, “ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో” అన్న మాటలు అందుకే ఉంటాయి. కొనేవాళ్లు ఎనిమిది మంది ఉన్నప్పుడు ఆ మాటలు కొట్టేయించి సంతకం పెట్టొచ్చు. ముగ్గురే మిగిలితే పెన్ను అటువైపే ఉంటుంది. ఆహా, ఈటీవీ విన్ లాంటి తెలుగు యాప్‌లు బతకడం ఇందుకే అవసరం. మా టీవీ వాటా అమ్మిన అల్లు అరవింద్ 2020లో ఆహా మొదలుపెట్టారు. 2024 జనవరిలో నైంటీస్ సిరీస్‌తో ఈటీవీ విన్ ఒక మధ్యతరగతి ఇంటి కథను ఊరూరా చూపించింది. వాటి చందా కట్టే ప్రతి ఇల్లూ మన నిర్మాతకు ఇంకో తలుపు తెరిచి ఉంచినట్టే.

ఫిల్మ్ ఛాంబర్, నిర్మాతల మండలి చేయగల పని ఒకటి చేతిలోనే ఉంది. తెలుగులో ఒక నమూనా ఒప్పంద పత్రం తయారుచేసి ప్రతి సభ్యుడికీ ఇవ్వాలి. అందులో గడువు అయిదేళ్లనీ, కొన్న కంపెనీ ఇంకో కంపెనీలో కలిస్తే హక్కు దానంతటదే బదిలీ కాదనీ, నిర్మాత ఒప్పుకోవాలనీ రాయాలి. అప్పటిదాకా సినిమా తీసే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇది. గడువు గడి ఖాళీగా ఉంటే చట్టం మీకు అయిదేళ్లకు హక్కు తిరిగి ఇస్తుంది. అందులో “శాశ్వతం” అని రాసి ఉంటే సంతకం పెట్టకండి.